డార్బీ గడిలో సున్నా

దేవనారాయణ్ గారి తెలుగు నేను మొదటిసారి విన్నది రోడ్డు దాటుతున్నప్పుడు. మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి ఏతాన్ చదివే బడి ముందు నారింజరంగు కోటు, తెల్ల టోపీ వేసుకుని, చివర గుండ్రటి రేకు బిగించిన కర్ర పట్టుకుని పిల్లల్ని దాటించే ఆయన ఫిజీ మనిషని ఎవరో చెప్పగా విన్నాను. ఆ రోజు ఏతాన్ లంచ్ డబ్బా ఇంట్లో మరిచిపోయాడు. షిఫ్టుకి ఆలస్యమవుతోందన్న కంగారులో వాణ్ణి తెలుగులో తిడుతూ లాక్కెళుతున్నాను. ఆయన కర్ర అడ్డం పెట్టి, రెండు వైపులా కార్లు ఆగాక, నా వైపు తిరక్కుండానే అన్నారు.

"పిల్లడ్ని రోడ్డు మీద తిట్టకు తమ్ముడా. దాటినాక తిట్టు."

అది మా అమలాపురం తెలుగు కాదు. విజయనగరం వైపు నుంచి మా ఊరికి కోతలకొచ్చేవాళ్ళ నోట విన్న తెలుగు. సాయంత్రం ఏతాన్ కోసం మళ్ళీ వచ్చినప్పుడు మీది ఏ ఊరని అడిగాను. 

"నాది బా," అన్నారు. బా అంటే ఫిజీలో చెరుకు పండే చోట ఒక చిన్న పట్టణమట. "మా నాయనమ్మది మాత్రం ఇజీనారం కాడ ఏదో పల్లి. ఆవిడ ఆ ఊరి పేరు సెప్పేది గాని, సిన్నతనంలో నాను పట్టించుకోనేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ నేదు."

ఇండియాలో ఆయన ఎన్నడూ అడుగు పెట్టలేదు. చెరుకుతోటల కూలికి ఓడెక్కిన నాయనమ్మ వెంట తెచ్చుకున్న తెలుగే ఆయన తెలుగు. బస్సుకీ ఓటుకీ ఫ్యాక్టరీకీ ఇంగ్లీషు మాటో ఫిజీ హిందీ మాటో వాడతారు. ఆకలికీ కోపానికీ దేవుడికీ మాత్రం నాయనమ్మ మాటలే.

అప్పటినుంచి బడి విడిచే వేళకు కొంచెం ముందుగా వెళ్ళి ఆయన పక్కన నిలబడడం అలవాటైంది. అడిగితే చెప్పే మనిషి. అడక్కపోతే పిల్లల గురించి మాట్లాడతారు.

బా దగ్గర రైతుల పిల్లలు చదివే బడికి ఆయన హెడ్మాస్టరు. ప్రతి మంగళవారం సాయంత్రం ఆయన ఇంటి వసారాలో భజన. తాతల నాటి తెలుగు పాటలు, ఎక్కడా రాసి లేవు, ఒకరి నోటి నుంచి ఒకరికి వచ్చినవే. ఆయన మద్దెల వాయించేవారు. పాట ఎత్తుకునేది భార్య ఊర్మిల. తుపానుకి వసారా రేకులు లేచిపోయిన మంగళవారం కూడా భజన మానలేదని చెప్పేవారు.

ఎనభై ఏడు ఏప్రిల్‌లో అక్కడ ఎన్నికలు జరిగాయి. ఆయన పోలింగు బూతులో పనిచేశారు. మనవాళ్ళు ఓటేసిన పక్షం గెలిచింది. నెల దాటిందో లేదో సైనికులు తుపాకులతో పార్లమెంటులోకి నడిచొచ్చి, గెలిచినవాళ్ళని లారీలెక్కించి తీసుకుపోయారు.

"ఓట్లు ఏసి గెలిసినాం తమ్ముడా. గెలిసి ఏటి సేసినాం? ఇల్లు అమ్ముకున్నాం," అని నవ్వేవారు.

కర్ఫ్యూ పెట్టిన వారంలోనూ మంగళవారం వచ్చింది. ఆనుకుని ఉన్న నాలుగిళ్ళవాళ్ళు పెరటి దారిన వచ్చి కూర్చున్నారు. కిటికీలకి దుప్పట్లు కట్టారు. మద్దెల మీద తువ్వాలు కప్పి ఆయన వేళ్ళతో వాయించారు. ఊర్మిల గుసగుసగా పాట ఎత్తుకుంది. బయట జీపు ఆగిన చప్పుడైతే పాట ఆపింది. జీపు కదిలాక, ఆపిన మాట దగ్గర్నుంచే మళ్ళీ అందుకుంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన భార్య వైపు చూసేవారు. ఆవిడ, "ఊరుకోండి, ఎన్నిమార్లు సెప్తారు," అని లోపలికి వెళ్ళిపోయేది.

మెల్‌బోర్న్ వచ్చాక ఆయన చదువు ఎవరికీ అక్కర్లేకపోయింది. కోళ్ళ ఫ్యాక్టరీలో చేరితే నడుం పట్టేసింది. ఊర్మిల అదే ఫ్యాక్టరీలో ఉండిపోయింది. ఆయనకి చివరికి ఈ కర్ర దొరికింది. "మళ్ళీ బడి ఉద్యోగమే గదా తమ్ముడా, గేటుకి ఇవతల," అనేవారు.

ఊరి శివార్లలో, క్రాన్‌బర్న్ దాటాక కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో వాళ్ళ ఇల్లు. కారు ఎప్పుడూ బయట వానలోనే ఉండేది. గరాజ్ భజనకి. చాపలు, పటాలు, తాళాలు, బా నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మద్దెల. ఫిజీ నుంచి వచ్చి చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలన్నీ మంగళవారం అక్కడ చేరేవి. భజన అయ్యాక ప్రసాదం పెట్టేవారు. ఆ తర్వాత మగవాళ్ళు వెడల్పాటి కొయ్యగిన్నె చుట్టూ కూర్చుని నంగోనా తాగేవారు. అదొక వేరు పొడి. గుడ్డలో మూటకట్టి నీళ్ళలో పిసుకుతారు. మట్టినీళ్ళలా ఉంటుంది, నాలుక తిమ్మిరెక్కుతుంది. కొబ్బరిచిప్పలో పోసి ఇస్తే, ఒకసారి చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగాలి.

మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. "మనకెందుకండీ ఆ భజనలు," అని మా ఆవిడ మరియరాణి మొదట సణిగింది. ఊర్మిల గోధుమపిండి, బెల్లం కలిపి నూనెలో వేయించే గులగులాలు తిన్నాక, మంగళవారం తనే నాకంటే ముందు చెప్పులేసుకునేది.

తొంభై ఒకటి మొదట్లో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. పచ్చిక మీద కార్లు నిలుపుతున్నారనీ, డోలు చప్పుడనీ ఎవరో ఫిర్యాదు చేశారట. ఇల్లన్నది కాపురానికే కానీ సభలకి కాదు, ఆగస్టు నెలాఖరు తర్వాత గరాజ్‌లో జనం చేరకూడదు, అని దాని సారాంశం.

దేవనారాయణ్ గారు గొడవ పడలేదు. స్కౌట్ పిల్లలు వదిలేసిన పాత హాలొకటి కౌన్సిల్ చేతిలో ఖాళీగా పడి ఉంది. దాన్ని మంగళవారాలు అద్దెకివ్వమని అర్జీ పెట్టారు. అర్జీ విచారించే రోజున ఊర్మిల పట్టుచీర కట్టుకుని, పళ్ళెం నిండా గులగులాలు పేర్చి, పైన గుడ్డ కప్పి తీసుకొచ్చింది. మంచిపని మీద వెళుతూ వట్టి చేతులతో వెళ్ళడం వాళ్ళకి తెలియదు. కౌన్సిలర్లు అలాంటివి తీసుకోకూడదని అక్కడి గుమాస్తా మర్యాదగానే చెప్పింది. ఊర్మిల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది.

మా వార్డు కౌన్సిలర్ కెన్ డార్బీ లేచాడు. వీళ్ళొచ్చిన దీవిలో రాత్రంతా డోళ్ళు వాయించుకునే తీరిక ఉంటుందేమో, ఇక్కడి జనం మాత్రం బుధవారం పొద్దున్నే లేచి పనికి పోవాలి, అన్నాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు నవ్వారు. ఊర్మిల తెల్లవారకముందే ఫ్యాక్టరీలో కత్తి పట్టుకునే మనిషి.

హాలు ఇవ్వకూడదన్న పక్షం ఒక్క ఓటుతో నెగ్గింది. అందులో డార్బీ ఓటు ఒకటి. ఆ గులగులాలు ఇంటికి తెచ్చి ఊర్మిల ఎవరికీ పెట్టలేదు. చెత్తడబ్బాలో పోసేసింది. తమ ఇంట్లో తిండి పారబోసింది అదొక్కసారే అని దేవనారాయణ్ గారు చెప్పారు.

ఆగస్టు మొదటి శనివారం మా వార్డుకి ఎన్నిక. డార్బీ మీద నిలబడ్డది ముగ్గురు: ఆవులు పెంచే రైతొకడు, ఇళ్ళమ్మే ఆయనొకడు, జాయిస్ ప్రెంటిస్ అనే ముసలామె. ఊళ్ళ వెంట తిరిగే లైబ్రరీ వ్యాను చాలా ఏళ్ళు నడిపి, రిటైరై, ఇంట్లో జాము కాచి అమ్ముకుంటోంది. ఒక మురుగుకాలువ విషయంలో డార్బీతో చెడి నిలబడింది. తనకి గెలుపు మీద ఆశ లేదని తనే చెప్పేది. దేవనారాయణ్ గారు వెళ్ళి హాలు సంగతి చెబితే, గెలిస్తే మళ్ళీ ఓటింగుకి పెట్టిస్తాననీ, ఈసారి ఆ ఒక్క ఓటు తనదవుతుందనీ మాట ఇచ్చింది.

అంతే. మంగళవారం ఆ ఒక్క ఓటు మీద నిలబడింది.

పౌరసత్వం ఇంకా రాకపోయినా, ఇంటిపన్ను కట్టేవాళ్ళకి కౌన్సిల్ ఎన్నికలో ఓటు ఉంది. గరాజ్‌కి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ ఏప్రిల్ తర్వాత ఇదే మొదటి ఓటు. వాళ్ళందరికీ ఫిజీ పద్ధతే తెలుసు, కావలసినవాడి పేరు దగ్గర ఒక గుర్తు పెట్టి రావడం. ఇక్కడ అలా కాదు. నలుగురు నిలబడితే నాలుగు గడులుంటాయి. ఇష్టమైనవాళ్ళకి ఒకటి, ఆ తర్వాత రెండు, మూడు, చిట్టచివర నాలుగు వెయ్యాలి. ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే, అందరికంటే వెనకబడినవాళ్ళని తీసేసి, వాళ్ళ కాగితాల్లో తర్వాతి అంకె ఎవరికి ఉంటే వాళ్ళకి ఆ ఓట్లు పంచుతారు. దేవనారాయణ్ గారు గరాజ్‌లో నల్లబల్ల పెట్టి పాఠం చెప్పారు. మనుషుల పేర్లు రాస్తే మాటలు పెరుగుతాయని కూరగాయలు రాశారు. బెండ, వంకాయ, ఆనపకాయ, గుమ్మడి.

డెబ్భై దాటిన శేషుకుమారి పెద్దమ్మ ముందుగా లేచి బెండకి ఒకటి, వంకాయకి రెండు, ఆనపకాయకి మూడు వేసి సుద్దముక్క ఇచ్చేసింది.

"గుమ్మడికాయకి ఎయ్యమ్మా."

"నాను గుమ్మడికాయ తినను మాస్టర్జీ."

"తినమని కాదు. ఆఖరి వరసలో కూకోబెట్టమని. నాలుగు ఎయ్యి."

"తిననిదానికి నాలుగు ఎందుకు ఇవ్వాల? నాకిష్టమైన బెండకి ఒకటిచ్చి, దీనికి నాలుగా?"

గరాజ్ అంతా నవ్వింది. టాక్సీ నడిపే ద్వారకానాథ్ వెనకనుంచి, "గుమ్మడికాయ లంచమిచ్చినాది మాస్టర్జీ," అన్నాడు. దేవనారాయణ్ గారు ఓపిగ్గా మొదటినుంచి చెప్పారు. నాలుగంటే ఎక్కువ కాదు, వెనక అని. ఒకటంటే తక్కువ కాదు, ముందని. చివరికి ఆవిడ నాలుగు వేసింది, మొహం చిట్లించుకుని. ఆయన బల్ల తుడుస్తూ అందరికీ వినబడేలా, "ఒక్కటే గుర్తెట్టుకోండి. ఏ గడీ ఖాళీగా ఒగ్గకండి. ఖాళీ ఒగ్గితే కాగితం సెల్లకపోవచ్చు," అన్నారు. అందరూ తలూపారు.

ఎన్నిక రోజు చలి. పోలింగు ఆ బడిలోనే. రోజూ పిల్లల్ని దాటించే గేటు దగ్గరే ఆయన నారింజరంగు కోటు విప్పేసి మామూలు కోటులో నిలబడి, వచ్చేవాళ్ళకి జాయిస్ చీటీలు పంచారు. డార్బీ మనుషులు అయిదారుగురు, రంగు గొడుగులు, వేడి కాఫీ. మా వైపు ఆయన, నేను. పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఆయన్ని పేరుపెట్టి పలకరించారు, చీటీ మాత్రం రెండు వైపులా తీసుకుని జేబులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం గరాజ్‌వాళ్ళంతా ఒక్కసారే వచ్చారు. ఆడవాళ్ళు ఊర్మిల వెనక వరసగా నిలబడ్డారు. వరసలో ఏదో గుసగుస నడిచింది, నవ్వులు కూడా. చాలా కాలానికి ఊర్మిల మొహంలో నవ్వు చూశానని ఆయన నాతో అన్నారు.

ఆరింటికి పోలింగు ముగిసింది. లెక్కింపు గదిలో జాయిస్ తరఫున కూర్చున్నది ఆమె అల్లుడు. అంకెలు తెలియగానే గరాజ్‌కి ఫోన్ చేస్తానన్నాడు. వంటింట్లో ఫోను తీగ గరాజ్ గుమ్మం దాకా వచ్చేది. ఫోనుని స్టూలు మీద పెట్టి, జనం చుట్టూ చేరారు. దేవనారాయణ్ గారు కొయ్యగిన్నె ముందు కూర్చుని నంగోనా మూట నీళ్ళలో పిసుకుతున్నారు.

శేషుకుమారి పెద్దమ్మ శాలువా సర్దుకుని, "మాస్టర్జీ, మీరు సెప్పినట్టే. ఏ గడీ ఖాళీగా ఒగ్గనేదు," అంది.

"మంచిది పెద్దమ్మా."

"జాయిసమ్మకి ఒకటి. ఆవులాయనకి రెండు. ఇళ్ళమ్మే ఆయనకి మూడు." ఆవిడ కొంచెం ఆగింది. "ఆ డార్బీకి సున్నా."

ఆడవాళ్ళు నోటికి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు.

"నీది సిన్న సున్నా పెద్దమ్మా. నాను గడి నిండా సుట్టినాను, రోటీ అంత," అన్నాడు ద్వారకానాథ్.

"నువ్వూనా?" అన్నారు దేవనారాయణ్ గారు.

"దీదీ సెప్పినాది గదా, లైన్లో. నాలుగు కూడా దండగే ఆడికి అని."

ఊర్మిల టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. "సెప్పినాను. ఏటి తప్పు?" అంది మొగుడితో. "మీరు బడిలో ఎందరికి సున్నా ఎయ్యనేదు? గడి ఖాళీగా ఒగ్గొద్దన్నారు, ఒగ్గనేదు. నా సేత్తో ఆడికి నంబరు మాత్రం ఇయ్యనేకపోనాను."

ఆయన చెయ్యి నీళ్ళలో ఆగింది. మూట వేళ్ళ మధ్యే ఉంది. తలెత్తి అందరినీ చూసి, "ఎందరు ఏసినారు సున్నా?" అని మెల్లగా అడిగారు. బడిలోలా చేతులు లేచాయి. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తారు. ఎత్తనిది ఆయన, నేను.

ఆయన మళ్ళీ మూట పిసకడం మొదలుపెట్టారు.

నేను పక్కకి వంగి, "అవి చెల్లవు కదండీ," అన్నాను.

"సెల్లవు."

"చెప్పరా మరి?"

"ఇప్పుడు సెప్పి ఏటి లాభం తమ్ముడా. పెట్టెలో పడిపోనాయి." చిప్పలో పోసి నాకందించారు. "తాగు."

చప్పట్లు కొట్టి తాగాను. నాలుక మొద్దుబారింది, మాట్లాడకుండా ఉండడానికి అదొక సాకు.

ఏడు దాటాక ఫోన్ మోగింది. ఆయనే తీశారు. విన్నారు. "ఫస్ట్ కౌంట్ అయినాది," అని రిసీవరు చేత్తో మూసి చెప్పారు. "డార్బీ ముందున్నాడు. సగం దాటనేదు. జాయిసమ్మ రెండో చోట."

గరాజ్ ఒక్కసారి లేచి నిలబడింది. రెండో చోటన్నది ఎవరూ అనుకోలేదు. జాయిస్ కూడా అనుకుని ఉండదు. ద్వారకానాథ్ మద్దెల తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేశాడు. "వాయించండి మాస్టర్జీ. ఇయ్యాల కాకపోతే ఇంకెప్పుడు." శేషుకుమారి పెద్దమ్మ తాళాలు పుచ్చుకుంది. ఊర్మిల టీ పళ్ళెం కింద పెట్టి, తల మీదికి కొంగు లాక్కుని పాట ఎత్తుకుంది. కర్ఫ్యూ నాటి గుసగుస కాదు, గరాజ్ రేకు అదిరేలా. ఆయన వాయించారు. తాళం ఎక్కడా తప్పలేదు. ఫోను వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. మిగతావాళ్ళంతా పాడుతూ దాన్నే చూస్తున్నారు.

రెండో ఫోన్ పాట మధ్యలో వచ్చింది. ఈసారి చాలాసేపు విన్నారు. ఆవుల రైతు అందరికంటే వెనకబడి ముందుగా పోటీ నుంచి పోయాడు. అతని ఓట్లు ఇళ్ళమ్మే ఆయనకి ఎక్కువగా చేరాయి. దాంతో ఆయన జాయిస్‌ని దాటాడు, కొద్దిలో. మూడో చోటుకి పడ్డ జాయిస్ పోయింది. ఆమె ఓట్లు పంచేసరికి డార్బీ సగం దాటిపోయాడు. ఆ కొద్ది ఎంతో అల్లుడు ఫోనులో చెప్పాడు, ఆయన తర్వాత నాకు చెప్పారు. గరాజ్‌లో లేచిన చేతుల కంటే తక్కువ.

ఫోన్ పెట్టేసి, "అయిపోనాది. డార్బీయే," అన్నారు.

శేషుకుమారి పెద్దమ్మ తాళాలు కింద పెట్టింది. కాసేపటికి ద్వారకానాథ్, "ఆడికి అన్ని మార్కులు ఎవరిచ్చినారు? మనం సున్నా గదా ఇచ్చినాం," అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

జనం లేవబోతుండగా జాయిస్ వచ్చింది. చేతిలో కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకుల పళ్ళెం. గెలిచినా ఓడినా వస్తానన్నాననీ, అందుకే వచ్చాననీ అంది. చాప మీద కూర్చోబోతే మోకాళ్ళు సహకరించలేదు, స్టూలు మీద ఫోను తీసి కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి ఆవిడ కొంచెం మాట్లాడి ఆగుతుంటే దేవనారాయణ్ గారు పక్కన నిలబడి తెలుగులో చెప్పారు.

తన మీద ఇంతమంది నమ్మకం పెట్టుకోవడం జీవితంలో ఇదే మొదటిసారి అంది. ఆయన చెప్పారు. హాలు విషయంలో తనకి సిగ్గుగా ఉందంది. అదీ చెప్పారు. తర్వాత కొంచెం నవ్వి, లెక్కింపులో ఒక చిత్రం జరిగిందంది. చెల్లని కాగితాలు ఒక కట్ట వచ్చాయి, అన్నిట్లోనూ తనకి ఒకటి, డార్బీ గడిలో సున్నా. అవి చెల్లి ఉంటే తను పోటీలో మిగిలేది, ఆపైన ఇళ్ళమ్మే ఆయన ఓట్లు ఎటు పోయేవో ఎవరు చెప్పగలరు. ఎవరో పాపం మంచి మనసుతో వేసినవాళ్ళే అయి ఉంటారు.

ఆవిడ ఆగి ఆయన వైపు చూసింది. అందరూ చూశారు.

"మనం అందరం మంచి మనసుతో ఓటేసినాం అంటున్నాది," అన్నారు దేవనారాయణ్ గారు. "ఆ సంగతి తనకి తెలుసునంట."

శేషుకుమారి పెద్దమ్మ లేచి వెళ్ళి జాయిస్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

నేను ఊర్మిలని చూశాను. ఫ్యాక్టరీలో నాలుగేళ్ళుగా ఇంగ్లీషు వింటున్న మనిషి. కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసింది, ఆ తర్వాత కెటిల్‌లోకి చూసింది. ఆ రాత్రి ఎవరికీ రెండో టీ పోయలేదు.

సోమవారం బడి దగ్గర ఆయన ఎప్పటిలాగే ఉన్నారు. పిల్లలంతా దాటాక కర్ర గోడకి ఆనించి, నేనడక్కుండానే చెప్పారు.

"ఆదోరం పొద్దున్న అడిగినాది. ఆ కట్టలో నా కాగితమూ ఉందా అని. ఉందన్నాను. ఏడవనేదు. మరి మీరేటి రాసినారు ఆడికి అనడిగినాది."

"నాలుగనే కదా."

"నాలుగనే సెప్పినాను. అప్పట్నించి నాతో మాటనేదు తమ్ముడా." ఆయన టోపీ తీసి లోపలి పట్టీ తుడుచుకున్నారు. "ఓడినందుక్కాదు. తన సున్నా పాడయిందనీ కాదు. ఆ పళ్ళెం ఒళ్ళో ఎట్టుకుని కూకున్న రోజు నాను పక్కనే ఉన్నాను గదా. ఉండి, ఆడికి నంబరు ఎలగ ఇచ్చినారని."

"మిగతావాళ్ళకి చెప్పాలేమో. ఇంకోసారైనా తెలుస్తుంది," అన్నాను.

"ఇంకోసారి రానీ, సెప్తాను. ఇప్పుడు ఆళ్ళకి మిగిలినాది ఆ సున్నా ఒక్కటే. హాలు నేదు, గరాజ్ నేదు. అదీ లాక్కుంటే ఏటి మిగుల్తాది?"

ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా మార్కెట్లో కనబడితే శేషుకుమారి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఓడితే ఓడినాం గాని బాబూ, డార్బీకి సున్నా ఇచ్చినాం," అనేది. అవునమ్మా అనేవాణ్ణి.

ఆగస్టు చివరి మంగళవారం గరాజ్ నిండిపోయింది. మరియరాణి కూడా వచ్చింది. పాట ఎత్తుకోవలసిన చోట ఊర్మిల ఎత్తుకోలేదు. అందరూ ఎదురుచూశారు. గొంతు బాగాలేదని సైగ చేసింది. శేషుకుమారి పెద్దమ్మ వణికే గొంతుతో అందుకుంది, ఆయన ఆ గొంతుకి తగ్గట్టు మద్దెల తగ్గించుకున్నారు. ప్రసాదం పంచారు. చాపలు ఎవరివి వాళ్ళు చుట్టుకుని తీసుకెళ్ళిపోయారు.

తర్వాతి మంగళవారం సాయంత్రం, అలవాటుకొద్దీ, కారు వాళ్ళ వీధిలోకి తిప్పేశాను. మలుపు తిరిగాక గుర్తొచ్చింది. వెనక్కి పోవడం బాగుండదని ఆగాను. వాళ్ళ వాకిట్లో ఎప్పుడూ నిలబడి ఉండే కారు లేదు. ఇంట్లో లేరేమో అనుకున్నాను. గరాజ్ తలుపు సగం లేచి ఉంది. కారు లోపలుంది. మొదటిసారి.

"రా తమ్ముడా, టీ తాగుదువు," అన్నారు ఆయన వంటింటి తలుపు తీసి.

బల్ల దగ్గర కూర్చున్నాం. మద్దెలకి పాత దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టారు. ఊర్మిల నన్ను పలకరించింది, ఏతాన్ ఎలా ఉన్నాడని అడిగింది. ఆయనతో మాట్లాడింది కూడా, చక్కెర డబ్బా ఇటివ్వండి అని. అంతవరకు సర్దుకున్నారన్నమాట.

కాసేపు చలి గురించి మాట్లాడుకున్నాం. గోడ గడియారం భజన వేళ దాటుతోంది. చూడకూడదనుకుంటూనే ముగ్గురమూ చూశాం. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగారు. కుడిచేతి వేళ్ళు బల్ల అంచు మీద కదిలాయి. మొదట ఒక్క వేలు, తర్వాత మిగతావి. పాత తాళమే. చాలా మెల్లగా, పక్కింటికి కాదు, పక్కగదికి కూడా వినబడదు.

ఊర్మిల స్టవ్ దగ్గర్నుంచి వచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పింది.

ఆయన తలెత్తి ఆవిడ నోటి వైపు చూశారు. తువ్వాలు కింద వేళ్ళు ఇంకా కొంచెం కదులుతున్నాయి. ఆవిడ మాత్రం పెదవి కదపలేదు. నా గ్లాసు తీసుకుని, సింకు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలింది.

ఆ నీళ్ళ చప్పుడులో ఆయన వేళ్ళు ఎప్పుడాగాయో నేను గమనించలేదు.